వంటిల్లే బొమ్మల కొట్టు!

వందలు పోసి కొన్న బొమ్మ ఓ మూలన పడి ఉంటుంది. అది వచ్చిన అట్టపెట్టెతో మాత్రం బుజ్జిగాడు గంటసేపు ఆడుతుంటాడు. చంటిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే ఇది. ఏడాది నుంచి మూడేళ్ల వయసులో చేతులే బడి. మెత్తన, గరుకు, చల్లన, బరువు... ఈ మాటలు నోటికి రాకముందే వేళ్లకు తెలుస్తాయి. ఫోన్‌ తెరను ఎంతసేపు తాకినా తెలిసేది ఒక్క నున్నదనమే! రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, ఆపైన ఐదేళ్లలోపు వారికి రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మరి ఫోన్‌ బదులు ఏమివ్వాలి? వంటింట్లోకి వెళ్లి చూడండి.

పిండి ముద్దలు
గుప్పెడు గోధుమపిండిలో చెంచాడు నూనె, కాసిని నీళ్లు పోసి చపాతీ ముద్దలా కలపండి. ఒకదానికి పసుపు, ఇంకోదానికి బీట్‌రూట్‌ రసం చేరిస్తే రంగులు సిద్ధం. నొక్కడం, సాగదీయడం, తుంచడంతో వేళ్లకు పట్టు వస్తుంది. రేపు అన్నం కలుపుకోవడానికీ, పలక మీద దిద్దడానికీ పనికొచ్చేది అదే. నిల్వ ఉంటుందని కొందరు పిండిలో ఉప్పు ఎక్కువగా కలుపుతారు. పసివాళ్లకు అలా వద్దు, మింగితే ప్రమాదం. ఏరోజుకారోజు కలుపుకోవడమే మేలు.

నీళ్లాట
వెడల్పాటి బేసిన్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి గరిటె, టీ వడపోత, స్పాంజి, కొబ్బరిచిప్ప ఇవ్వండి. చిప్ప తేలుతుంది, చెంచా మునుగుతుంది. ఆ వింతను పదిసార్లు చూసినా వాళ్లకు విసుగు రాదు. వేసవిలో గిన్నెడు నీళ్లలో గులాబీ రేకలు వేసి గడ్డకట్టించి ఇస్తే సరి... కరిగేదాకా అదే లోకం.

చప్పుళ్ల సీసాలు
ఖాళీ సీసాల్లో బియ్యం, రవ్వ, చింతగింజలు వేరువేరుగా పోసి, మూత బిగించి చుట్టూ టేపు వేయండి. ఒక్కోదానిదీ ఒక్కో చప్పుడు. కాస్త పెద్దపిల్లలైతే రెండేసి చేసి జతలు కలపమనొచ్చు. 1939లో మద్రాసు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరీ రూపొందించిన ఆట వస్తువుల్లోనూ ఇలాంటి చప్పుడు డబ్బాలున్నాయి.

తడిమి చూడు... వాసన చూడు
పట్టు, నూలు, గోనె, టర్కీ తువ్వాలు... జానెడేసి ముక్కలు సంచిలో వేసి, ‘మెత్తటిది తియ్యి నాన్నా’ అనండి. ఆటతోపాటు మాటలూ వస్తాయి. కరివేపాకు, పుదీనా, నిమ్మతొక్క నలిపి ముక్కు దగ్గర పెట్టండి. నాయనమ్మకో, అమ్మమ్మకో ఈ ఆట అప్పగిస్తే ఇద్దరికీ కాలక్షేపం.

ఇల్లు పాడవుతుందని బెంగొద్దు. పాత దుప్పటి పరచండి, పాత బట్టలు వేయండి. పావుగంట చాలు. ‘అలా కాదు, ఇలా’ అని మాత్రం చెప్పొద్దు.

ఇవి మరవొద్దు
* నిమ్మకాయ కన్నా చిన్నవేవీ విడిగా చేతికి ఇవ్వొద్దు. శనగలు, బఠాణీలు, పల్లీలు గొంతుకు అడ్డం పడతాయి, ముక్కులో, చెవిలో ఇరుక్కుంటాయి.
* నీళ్లు కొంచెమే కదా అని క్షణమైనా వదిలి వెళ్లొద్దు. ఆట కాగానే పారబోయండి.
* కర్పూరం, కలరా ఉండలు, గుండ్రటి చిన్న బ్యాటరీలు అందకుండా దాచండి. మింగితే ప్రాణాపాయం.
* సీసాల మూతలు, టేపు ఊడాయేమో రోజూ చూసుకోండి.