ఉద్యోగం బెంగళూరులో.. సామాను ఎవరి చేతిలో?

కొలువు కొట్టారు, జాయినింగ్‌ బెంగళూరులో. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్‌ నుంచైనా బైకు, కూలరు, పుస్తకాల పెట్టెలు అంత దూరం చేరాలి. ఆన్‌లైన్‌లో వెతికితే ‘ప్యాకర్స్‌ అండ్‌ మూవర్స్‌’ నంబర్లు బోలెడు. తక్కువ రేటు చెప్పారు కదా అని అడ్వాన్స్‌ కొట్టేయకండి. సామాను లారీ ఎక్కాక ‘టోల్‌, లోడింగ్‌ ఎక్స్‌ట్రా’ అంటే అప్పుడు మీరేం చేయలేరు.

ముందు జీఎస్టీ నంబర్‌ అడగండి. మొత్తం 15 అక్షరాలు, అంకెలు. తెలంగాణలో నమోదైతే 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి. ఫోన్లో చెప్పిన పేరు, అక్కడున్న పేరు కలవకపోతే వదిలేయండి.

ప్యాకింగ్‌, లోడింగ్‌, టోల్‌, పన్ను అన్నీ కలిపిన కొటేషన్‌ రాతపూర్వకంగా తీసుకోండి. వస్తువుల జాబితా, ఫొటోలు, సరకు రసీదు దగ్గరుంచుకోండి.

రోడ్డు రవాణా చట్టం–2007 కింద, ఎక్కువ రిస్కు రేటు కడతామని ముందే రాయించకపోతే, పరిహారం సాధారణంగా కిరాయికి పది రెట్లు మించదు. అంటే కిరాయి రూ.4 వేలైతే రూ.40 వేలే. విలువ అంతకంటే తక్కువ రాయిస్తే వచ్చేదీ తక్కువే. అందుకే ల్యాప్‌టాప్‌, సర్టిఫికెట్లు మీ బ్యాగులోనే ఉండాలి.

సామాను పోయినా, పాడైనా బుక్‌ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు సంస్థకు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

బైకు ఒక్కటే అయితే రైల్వే పార్సిల్‌ రేటూ కనుక్కోండి. ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్లు కావాలి. ట్యాంకులో పెట్రోలు తీసేయాలి.

ఇదంతా కనీసం వారం ముందే మొదలుపెట్టండి. రేపే జాయినింగ్‌ అన్నవాళ్లకు బేరమాడే టైమ్‌ ఉండదు.