తోటలో కొలువుదీరిన ప్రభలు

చిత్రములను, శిల్పములను చూడగోరువారు సాధారణముగా ప్రదర్శనశాలకు పోవుదురు. అచ్చట నాలుగు గోడలును, పైకప్పును ఉండును. గాలివానల భయము లేదు. కాని కళాఖండములను ఆరుబయట, చెట్ల నడుమ నిలిపి చూపు పద్ధతియు లోకమున కలదు. లండన్ నగరమునందలి బాటర్సీ ఉద్యానవనము 1858లో ప్రజలకొరకు తెరువబడినది. 1948లో అచ్చట ఆనాటి శిల్పుల కృతులను పచ్చికపై నిలిపి ప్రదర్శింపగా, చూడవచ్చినవారి సంఖ్య లక్షను మించినది.

ఇట్టి వేడుక మన కోనసీమకు క్రొత్తది కాదు. అంబాజీపేట మండలమునందలి మొసలపల్లి గ్రామమున జగ్గన్నతోట యను కొబ్బరితోట కలదు. అందు గుడి లేదు, గోపురము లేదు. అయినను ఏటేట కనుమనాడు పదునొకండు గ్రామములవారు తమ శివాలయముల ఉత్సవమూర్తులను ప్రభలపై నుంచి అచ్చటికి తెత్తురు. వ్యాఘ్రేశ్వరము, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము, పాలగుమ్మి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, కె. పెదపూడి — ఇవి ఆ గ్రామములు. ఏకాదశ రుద్రులు ఒక్కచోట సమావేశమగుదురని భక్తుల విశ్వాసము. ఈ ఆచారము 17వ శతాబ్దము నుండి వచ్చుచున్నదని స్థానికులు చెప్పుదురు.

ప్రభ యనగా నేమి? అడుగున బరువైన కొయ్యచట్రము నమర్చి, దానిపై వెదురు బద్దలను అర్ధచంద్రాకారముగా వంచి కట్టుదురు. ఆ వెదురును రంగురంగుల క్రొత్త వస్త్రములతో కప్పుదురు. నూలుదారములు, నెమలిపింఛములు, వరికంకులు, పూలదండలు, గంటలు దానికి అలంకారములు. నడుమ దేవుని మూర్తి యుండును. ఈ పనియందు వడ్రంగి, వెదురుపని వాడు, బట్టలు కట్టువాడు, పూలు గ్రుచ్చువాడు — అందరి చేతులును కలియవలెను. అలంకారము ప్రతి సంవత్సరమును క్రొత్తదే. నిరుటి ప్రభను చూచినవారు ఈ యేటి ప్రభ యెట్లుండునో యని ఎదురుచూచుచుందురు.

ఆరుబయటి ప్రదర్శనకు చిక్కులు పెక్కు. ప్రభ ముఖము వెడల్పైనది. గాలి వీచినపుడు అది పడవ తెరచాపవలె గాలిని పట్టును. అందుచే పైభాగమునకు త్రాళ్లు కట్టి ఇరుప్రక్కల మనుష్యులు బిగించి పట్టుకొందురు. ఈ కాలమున విద్యుత్తు తీగలు మరియొక అడ్డంకి; అవి దారికడ్డు వచ్చినచోట ముందుగనే సరఫరా నిలుపవలసియుండును. ఇక కొబ్బరితోట ఈ కొలువునకు మిక్కిలి తగిన చోటు. కొబ్బరిచెట్టునకు క్రింద కొమ్మలు లేవు. మ్రాను నిటారుగా పెరుగును. మ్రానుల నడుమ ప్రభలు నిలుచుటకు చోటును, చూచువారికి నీడయు లభించును.

అన్నిటికంటె కష్టమైనది తోటకు చేరుట. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు ఎగువ కౌశికను దాటవలెను. వంతెన మీదుగా గాక, మోయువారు ప్రభను భుజములపై నుంచుకొని నీటిలోనికి దిగుదురు. ఒకని కాలు జారినను ప్రభ ఒరుగును. కావున అందరును ఒక్క కేకతో, ఒక్క అడుగుగా నడచుదురు. గట్టుపై నిలిచిన జనము ఊపిరి బిగబట్టి చూచుచుండును. ప్రభ ఆవలి గట్టు నెక్కగానే హరహర మహాదేవ యను ధ్వని మిన్నుముట్టును.

దారిలో పచ్చని వరిచేలు కూడ నుండును. ప్రభ వాటి నడుమనుండియే సాగును. పైరు కాళ్లక్రింద నలుగును. పైరే రైతునకు జీవనాధారము. అయినను తన చేలో ప్రభ నడచుట శుభమని యెంచి అతడు అడ్డుచెప్పడు. నలుగురి వేడుకకై తన కష్టఫలములో కొంత విడుచుకొనుట సామాన్యమైన పని కాదు. ప్రదర్శనను కట్టినవారిని, మోసినవారిని మెచ్చుకొనునపుడు ఈ రైతును మరువరాదు.

తోటలో మర్యాదలును కలవు. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథేయుడు గనుక ముందుగా వచ్చి, అందరును వెడలిన పిదప మరలును. వ్యాఘ్రేశ్వరుని ప్రభ వచ్చినపుడు తక్కిన ప్రభల నొక్కసారి పైకెత్తి గౌరవింతురు.

2023 జనవరి 26న ఢిల్లీలో జరిగిన గణతంత్రదినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటము ఈ ప్రభల తీర్థమునే దేశమునకు చూపినది. ఆ శకటము చక్రములపై చక్కని బాటలో సాగినది. జగ్గన్నతోట ప్రభ మాత్రము నేటికిని మనుష్యుల భుజములపైననే వచ్చుచున్నది. సాయంకాలమునకు తోట మరల నిశ్శబ్దమగును. నాటి అలంకారములును విప్పబడును. ఆ వస్త్రములు, ఆ పూలు నిలువవు. పదునొకండు ఊళ్లు కలసి ఒక పని చేయగలవను నమ్మకము మాత్రము మరుసటి కనుమ వరకు నిలిచియుండును.