టాన్సిల్స్ శస్త్రచికిత్స: ఇంటికి వచ్చిన తరువాతే మెలకువ అవసరం

టాన్సిల్స్ తీయించుకొని బిడ్డ ఇంటికి రాగానే గండం గడిచిందని పెద్దలు భావిస్తారు. కాని రక్తస్రావపు ముప్పు రెండు దఫాలుగా ఉంటుంది. మొదటిది శస్త్రచికిత్స జరిగిన 24 గంటల్లో. రెండవది సాధారణంగా 5 నుండి 10 రోజుల మధ్య, బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు.

టాన్సిల్స్‌కు అనేక ధమనులు రక్తాన్ని అందిస్తాయి. పక్కనే ఒక సిర కూడా ఉంటుంది. శస్త్రచికిత్సలో ఇవి తెగినప్పుడు వైద్యులు గాజుగుడ్డతో అదిమి, దారంతో ముడివేసి లేదా విద్యుత్ వేడితో కాల్చి రక్తాన్ని ఆపుతారు. మత్తు దిగి రక్తపోటు పెరిగినప్పుడు, ముడి సడలినప్పుడు మళ్ళీ రక్తం రావచ్చు. అందుకే మొదటి గంటల్లో పరిశీలనలో ఉంచుతారు.

తరువాత గాయంపై తెల్లటి పొర ఏర్పడుతుంది. అది చీము కాదు, దానిని గీకరాదు. వారం నాటికి ఆ పొర ఊడే సమయంలోనే రెండవ దఫా రక్తస్రావం జరుగుతుంది. గాయానికి సూక్ష్మజీవులు సోకడమూ ఇందుకు కారణం కావచ్చు. నొప్పికి భయపడి బిడ్డను పస్తు ఉంచరాదు. నీరు, మెత్తని ఆహారం తరచుగా ఇవ్వాలి. ఆస్పిరిన్ ఇవ్వరాదు.

చిన్నపిల్లలు రక్తాన్ని మింగివేస్తారు కనుక బయటికి చుక్కైనా కనిపించకపోవచ్చు. నిద్రలో మాటిమాటికీ గుటకలు వేయడం, ఎర్రగా లేదా కాఫీపొడి రంగులో వాంతి కావడం, ముఖం పాలిపోవడం ప్రమాద సూచనలు. కొద్దిపాటి రక్తం వచ్చి ఆగిపోయినా ఉపేక్షించరాదు. పెద్ద రక్తస్రావానికి అది ముందస్తు హెచ్చరిక కావచ్చు.

అట్టి సమయంలో బిడ్డను కూర్చోబెట్టి, ముందుకు వంచి, రక్తాన్ని ఉమ్మివేయించాలి. మళ్ళీ మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక తినడానికి, త్రాగడానికి ఏమీ ఇవ్వరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

ఆనేకల్ నుండి బెంగళూరు నగర మధ్యభాగం సుమారు 35 కిలోమీటర్లు. హోసూరు అంతకంటే దగ్గర. రాష్ట్రపు ఎల్లను లెక్కించక, గొంతు వైద్యుడు, మత్తు వైద్యుడు, రక్తనిధి అందుబాటులో ఉన్న సమీప ఆసుపత్రి ఏదో శస్త్రచికిత్సకు ముందే విచారించి పెట్టుకోవాలి. రాత్రివేళ వాహనం ఎవరిదో కూడా నిశ్చయించుకోవాలి.

మరొక మాట. పన్ను పీకించినప్పుడు రక్తం ఆగకపోవడం, తరచుగా ముక్కు నుండి రక్తం కారడం కుటుంబంలో ఎవరికైనా ఉంటే వైద్యునికి ముందే చెప్పాలి. రక్తం గడ్డకట్టని కొన్ని వంశపారంపర్య వ్యాధులు మేనరికపు సంతానంలో ఎక్కువగా కనిపిస్తాయి. దాచక చెప్పిన ఆ ఒక్క మాట బిడ్డ ప్రాణాన్ని కాపాడవచ్చు.