ఇంధనాన్ని మింగే గోడ

మత్స్యగెడ్డ నీళ్లు ముంచింగిపుట్టు కొండల్లోని జోలాపుట్టు జలాశయంలోకి చేరతాయి. అక్కణ్నుంచి కిందికి ఉరికి మాచ్‌ఖండ్ టర్బైన్లను తిప్పుతాయి. 1955 నుంచీ జరుగుతున్నదే ఇది. కరెంటు ఇచ్చేశాక సీలేరు, శబరి మీదుగా గోదావరిలో కలుస్తాయి.

ఆ నీళ్లలో మరో కరెంటూ దాగుంది! ఎక్కడి నీళ్లు తీసుకున్నా అందులోని సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి కాస్త బరువైనది. దాని పేరు డ్యుటీరియం. గోదావరి ఒడ్డునే ఇంకాస్త ఎగువన, అశ్వాపురం దగ్గరున్న మణుగూరు భారజల కర్మాగారం 1991 నుంచి చేస్తున్న పని అలాంటి బరువైన నీటిని వేరుచేయడమే.

డ్యుటీరియాన్ని, అంతకన్నా బరువైన ట్రిటియాన్ని 15 కోట్ల డిగ్రీల దాకా వేడిచేస్తే రెండూ కలిసిపోయి అపారమైన శక్తినిస్తాయి. అదే సంలీనం. బ్రిటన్‌లోని జెట్ యంత్రం 2023లో 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో 69 మెగాజౌళ్ల శక్తిని పుట్టించింది. మన ఇంటి మీటరు లెక్కలో 19 యూనిట్లన్నమాట!

మరి చిక్కెక్కడ? గోడ దగ్గర.

బల్బు తీగే గోడయింది

అంత వేడి ప్లాస్మాను ఏ పాత్రా మోయలేదు. అందుకే అయస్కాంతాలతో గాల్లోనే పట్టి ఉంచుతారు. అయినా కొన్ని కణాలు తప్పించుకుని గోడను కొడతాయి. ఆ దెబ్బకు ఎక్కువగా గురయ్యేది కొలిమి అడుగున ఉండే డైవర్టర్. పొయ్యిలో బూడిద తీసే అర లాంటిదది. దానికి టంగ్‌స్టన్ తొడుగు వేస్తారు. పాత బల్బుల్లో వెలిగిన తీగ ఈ లోహానిదే. 3,422 డిగ్రీల దాకా కరగదు.

ఇంకో సుగుణమూ ఉంది. టంగ్‌స్టన్‌కు హైడ్రోజన్ అంటే గిట్టదు. లోపలికి దూరిన పరమాణువు అటూ ఇటూ తిరిగి, ఉపరితలానికొచ్చి, మరోదానితో జతకట్టి వాయువుగా వెళ్లిపోతుంది. కొండరాయి మీద పడ్డ వాన జారిపోయినట్టే.

కానీ రాయి మీద గుంటలుంటే? నీరు నిలుస్తుంది. ఇక్కడా అంతే. లోహంలో ఒక పరమాణువు ఉండాల్సిన చోట ఖాళీ ఏర్పడితే, ఆ చిన్న గుంటలో అయిదారు హైడ్రోజన్ పరమాణువులు చిక్కుకుపోగలవు. ఉపరితలం కింద వాయువు పోగైతే లోహం పెనం మీది పుల్కాలా ఉబ్బుతుంది. సంలీనంలో పుట్టే న్యూట్రాన్లు లోహం లోలోపలికి దూసుకెళ్లి కొత్త గుంటలు చేస్తూనే ఉంటాయి.

గ్రాము గ్రాముకూ లెక్క

చిక్కింది డ్యుటీరియమైతే బాధలేదు. నీళ్లలో బోలెడంత ఉంది. ట్రిటియం సంగతి వేరు. ప్రకృతిలో దాదాపు దొరకదు. రేడియోధార్మికత ఉన్న ఈ పదార్థం దాచిపెట్టినా 12.3 ఏళ్లకు సగమైపోతుంది. 1,000 మెగావాట్ల సంలీన శక్తి ఏడాదంతా కావాలంటే సుమారు 56 కిలోలు ఖర్చవుతుంది. అందుకే సంలీన కేంద్రం తన ట్రిటియాన్ని తానే లిథియం నుంచి పుట్టించుకోవాలి. పుట్టించినదాన్ని గోడ మింగేస్తే పొయ్యి ఆరిపోయినట్టే! పైగా ప్రమాదం జరిగితే అదంతా బయటపడే ముప్పు.

అందుకే ఫ్రాన్స్‌లో నిర్మిస్తున్న ఐటర్ రూపకల్పనలో, కొలిమి లోపల చిక్కిన ట్రిటియం 700 గ్రాములు దాటకూడదని హద్దు పెట్టుకున్నారు. ఐటర్‌లోని ఏడు భాగస్వాముల్లో మన దేశమూ ఒకటి. జెట్‌లో ఒకప్పుడు కార్బన్ గోడలుండేవి. అవి కొత్త కుండ నీళ్లు తాగినట్టు ఇంధనాన్ని తాగేసేవి. 2011లో వాటి స్థానంలో టంగ్‌స్టన్, బెరీలియం పెట్టాక, చిక్కుకునే ఇంధనం పదోవంతు కన్నా తగ్గింది. ఐటర్ లోపలి గోడకు మొదట బెరీలియం అనుకున్నారు. 2023లో దానికీ టంగ్‌స్టనే మేలన్న ఆలోచనకొచ్చారు.

చిక్కినదాన్ని విడిపించే మార్గమూ ఉంది... వేడి. టంగ్‌స్టన్ ముక్కను నెమ్మదిగా వేడిచేస్తూ ఎన్ని డిగ్రీల దగ్గర ఎంత వాయువు వస్తోందో కొలుస్తారు. లోతు తక్కువ గుంటలు ముందు ఖాళీ అవుతాయి. లోతైనవి మరింత వేడికి గానీ వదలవు. ఐటర్ డైవర్టర్‌ను 350 డిగ్రీల దాకా వేడిచేసే ఏర్పాటు ఇందుకే. న్యూట్రాన్లు తవ్విన గుంటలకు ఆ వేడి చాలకపోవచ్చన్నదే శాస్త్రవేత్తల బెంగ. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ సహా ఎన్నో ప్రయోగశాలలు ఈ లెక్క తేల్చే పనిలోనే ఉన్నాయి.

మాచ్‌ఖండ్‌లో గోడ పని నీళ్లను ఆపడం. సంలీన కొలిమిలో మాత్రం గోడ దేన్నీ ఆపకూడదు... వచ్చినదాన్ని వచ్చినట్టు వదిలేయాలి. అలాంటి గోడ దొరికిన రోజున నీళ్లలో దాగిన ఆ రెండో కరెంటూ మన ఇంటి దీపం వెలిగిస్తుంది!