ఆటిజం ఉన్న పిల్లలు: మనం మరచిపోతున్న కళ్ళ పరీక్ష

అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్టు అక్కడి వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2025లో ప్రకటించింది. అలాంటి పిల్లలున్న ఇళ్ళలో వారమంతా స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ), ప్రవర్తనా శిక్షణ (ఏబీఏ), స్కూల్లో ప్రత్యేక విద్యా ప్రణాళిక (ఐఈపీ) మీటింగులతోనే గడిచిపోతుంది. ఈ హడావిడిలో కళ్ళ పరీక్ష వెనకబడుతుంది.

ఎదుటివారి కళ్ళలోకి చూడకపోవడం ఆటిజంలో పెద్దవాళ్ళు ముందుగా గమనించే లక్షణాల్లో ఒకటి. తర్వాత ఆటిజం ఉన్నట్టు తేలిన పసివాళ్ళలో ఈ చూపు రెండో నెల నుంచే తగ్గుతూ వస్తుందని ఆమీ క్లిన్, వారెన్ జోన్స్ 2013లో ‘నేచర్’ పత్రికలో చూపించారు. ఇలా కళ్ళలోకి చూడకపోవడం కంటి జబ్బు కాదు. అయితే చిక్కంతా అక్కడే మొదలవుతుంది. పిల్లవాడు తల పక్కకు తిప్పి ఓరగా చూసినా, టీవీ దగ్గరికెళ్ళి నిలబడినా, ఎండలో కళ్ళు చికిలించినా, పుస్తకం విసిరికొట్టినా అన్నిటికీ ఆటిజమే కారణమనుకుంటారు. వాటిలో కొన్నిటికి కారణం దృష్టి లోపం కావచ్చు. కళ్ళజోడు అవసరమయ్యే దృష్టి దోషాలు, మెల్లకన్ను, ఒక కంటి చూపు మందగించే లేజీ ఐ ఈ పిల్లల్లో మిగతా పిల్లలకంటే ఎక్కువ. అయినా మామూలు చెకప్‌లలో వీళ్ళకు చూపు పరీక్ష జరగడం తక్కువేనని అమెరికా అధ్యయనాలు చెబుతున్నాయి. అవసరం ఎక్కువున్న పిల్లలకే పరీక్ష అందకపోవడం అన్యాయం.

“మాటలే రావు, అక్షరాలెలా చదువుతాడు?” అని తల్లిదండ్రులు వెనకాడతారు. చదవనక్కర్లేదు. రెటినోస్కోప్‌తో కంట్లోకి వెలుగు వేసి, అది తిరిగొచ్చే తీరును బట్టి డాక్టరు పవర్ లెక్కకడతారు. పిల్లవాడు ఒక్క మాటా చెప్పే పని లేదు. ఫోటోస్క్రీనర్ కెమెరాలాగా దూరం నుంచే కళ్ళను చూస్తుంది. ఫిన్లండ్ కంటి వైద్యురాలు లేయా హ్యువారినెన్ రూపొందించిన గుర్తుల్లో ఇల్లు, ఆపిల్, వృత్తం, చతురస్రం ఉంటాయి. డాక్టరు చూపిన బొమ్మలాంటిదాన్ని పిల్లవాడు చేతిలోని కార్డులో వేలితో చూపిస్తే చాలు. అదీ కుదరకపోతే ఒకవైపు గీతలు, మరోవైపు ఖాళీగా ఉండే టెల్లర్ కార్డులున్నాయి. గీతలున్న వైపుకు పసివాళ్ళ చూపు దానంతటదే వెళుతుంది కదా, డాక్టరు దాన్నే గమనిస్తారు.

కష్టమల్లా పరీక్ష కోసం కనుపాప పెద్దది కావడానికి కంట్లో వేసే చుక్కల మందుతోనే. అది కాసేపు మంటపెడుతుంది. ఆ సంగతి పిల్లలకు ముందే బొమ్మలతో చెప్పాలి. జనం తక్కువుండే ఉదయం అపాయింట్‌మెంట్ అడగాలి. ఒక్కరోజులో అవకపోతే రెండోసారి వెళ్ళాలి. కళ్ళజోడు వచ్చాక ఇష్టమైన వీడియో చూసేటప్పుడు కొద్ది నిమిషాలు పెట్టి, రోజురోజుకూ ఆ సమయం పెంచుతూ పోవాలి.

పరీక్షతోపాటు చూపును కాపాడే తిండి విషయం మరీ ముఖ్యం. బోస్టన్ మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు ఆటిజం ఉన్న పన్నెండేళ్ళ అబ్బాయి కేసును ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రచురించారు. హాంబర్గర్లు, ఫ్రెంచ్ ఫ్రైస్, డోనట్ల వంటివి తప్ప ఇంకేదీ ముట్టని ఆ బాలుడు పోషకాల లోపంతో చూపు పోగొట్టుకున్నాడు. మన పిల్లల్లోనూ పెరుగన్నం, చిప్స్ తప్ప మరేమీ తినని వాళ్ళుంటారు. వాళ్ళ తిండి వివరాలు పిల్లల డాక్టరుకు తప్పక చెప్పాలి. చూపుకు అవసరమైన విటమిన్ ఎ తగినంత ఉందో లేదో పరీక్ష చేయించాలేమో అడగాలి.

లేజీ ఐకి ఏడేళ్ళలోపు చికిత్స మొదలుపెడితే ఫలితం బాగా ఉంటుంది. కాబట్టి ఆటిజం అని తేలగానే థెరపీల జాబితాలో పిల్లల కంటి డాక్టరు పేరు కూడా రాసుకోండి. వేసవి సెలవుల్లో అమెరికా నుంచి ఇండియా వెళ్ళే తెలుగువారికి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ పిల్లల కంటి వైద్యం ఉంది.