మీకు తెలుసా? – అతిశీతమున ఇంజను రక్షణ

పుష్యమాసపు వేకువను సైతము కోనసీమలోని మామిడికుదురు కొబ్బరితోటల నడుమ తాళము త్రిప్పినంతనే కదలు డీజిలు లారీ, లడఖ్ వంటి హిమసీమకు చేరినచో మొరాయించుటకు గల కారణములలో ఇంధనము కూడ నొకటియని మీరెరుగుదురా?

డీజిలులో సహజముగా నుండు మైనము అతిశీతమున స్ఫటికములై ఫిల్టరును మూసివేయును. బ్యాటరీలోని రసాయనచర్య మందగించి, మైనస్ 18 డిగ్రీల వద్ద దాని శక్తి ఇంచుమించు సగమునకు క్షీణించును. ఇంజనాయిలు తేనెవలె చిక్కబడి యంత్రభ్రమణమును నిరోధించును. డీజిలులోని మైనపు చిక్కును తప్పించుటకే 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ, మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవాహగుణమును కోల్పోని శీతకాలపు డీజిలును లడఖ్ కొరకు ప్రవేశపెట్టెను.

నీటితో సమభాగముగా కలిపిన ఇథిలీన్ గ్లైకాల్, రేడియేటరు ద్రవమును సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టనీయదు. తెలుగువారనేకులు స్థిరపడిన మిన్నెసోటా, కెనడా ప్రాంతములలో, రాత్రివేళ ఇంజనును వెచ్చగా నుంచుటకు విద్యుత్తుతో పనిచేయు బ్లాక్ హీటరును అమర్చుకొనుట పరిపాటి.

హిమాలయ మార్గములకు బండి నడుపబోవు కోనసీమ సోదరులారా! బయలుదేరుటకు ముందే బ్యాటరీని, కూలెంటును, ఆయిలు శ్రేణిని తప్పక పరీక్షింపజేసికొనుడు. చలికి వెరచి మూసిన షెడ్డులో ఇంజనును నడుపకుడు, ఏలయన అందు వెలువడు కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకము.