ఆకాశంలో అదృష్టమెంత, జాగ్రత్త ఎంత?

కాకుమాను నుంచి ఒంగోలు వైపు పోయేవారు కొరిశపాడు దగ్గర పెద్దరోడ్డును ఒకసారి పరకాయించి చూడాలి. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు గీత గీసినట్టు తిన్నగా, 33 మీటర్ల వెడల్పున సాగుతుంది. అది లారీలకోసం మాత్రమే కాదు. ఆపత్సమయాన విమానాలు దిగడానికి కూడా. 2022 డిసెంబరు 29న వైమానికదళం వారు దానిని పరీక్షించి చూశారు.

ఆ తేదీ వినగానే నాకు మరొక డిసెంబరు 29 జ్ఞాపకం వచ్చింది. సరిగా యాభై ఏళ్ల కిందట, 1972లో, అదే రోజు రాత్రి అమెరికాలో మయామీ నగరం దగ్గర ఈస్టర్న్ కంపెనీవారి పెద్ద విమానం చిత్తడినేలలో కూలింది. కారణం వింటే నమ్మబుద్ధి కాదు: ఒక చిన్న బల్బు! ముందు చక్రం దిగిందని చెప్పే దీపం వెలగలేదు. నిజానికి చక్రం దిగే ఉంది, మాడింది బల్బే. విమానాన్ని యంత్రానికి అప్పగించి అందరూ దాని మీద పడ్డారు. ఈలోగా పొరబాటున చెయ్యి తగిలి కాబోలు, ఎత్తును నిలబెట్టే కట్టు వదిలిపోయింది. విమానం నెమ్మదిగా దిగిపోతున్నదని నేల దగ్గరపడేదాకా ఎవరూ గమనించలేదు. సుమారు వందమంది పోయారు.

బల్బు మాడడం అదృష్టం చేతిలో ఉన్నది, కాదనను. అందరూ దానివైపే చూస్తూ ఉండిపోవడం మాత్రం అదృష్టం పని కాదు. అందుకే తరువాత పైలట్లకు పట్టుబట్టి ఒక పాఠం నేర్పారు: ఏది చెడినా ఒకరు విమానం నడుపుతూనే ఉండాలి, మరమ్మతు సంగతి రెండోవారు చూడాలి; పెద్ద పైలటు పొరబడితే చిన్న పైలటు నోరు విప్పాలి. పెద్దల ఎదుట నోరెత్తని ఇళ్లలో పెరిగిన మనకు ఈ రెండోది కాస్త కష్టమే!

పాఠం వినడం వేరు, ఉరుముల నడుమ అది గుర్తుకు రావడం వేరు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటలో ఎక్కిన హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్టమీద కూలి, అందులోని అయిదుగురూ మరణించారు. గేరుపెట్టెలో చమురు ఒత్తిడి తగ్గిందన్న హెచ్చరిక రాగా పైలట్లు పుస్తకం తిరగవేయడంలో మునిగిపోయారనీ, అదే సమయంలో ఉరుముమబ్బు గాలి హెలికాప్టరును కిందికి తోసిందనీ విచారణసంఘం తేల్చింది. ఆ రెండూ విడివిడిగా వచ్చి ఉంటే గండం గడిచేదేమో.

కొరిశపాడు రోడ్డు యుద్ధానికే కాదు, ఉప్పెనలకు కూడా. 1977 నవంబరును మన తీరం ఎలా మరచిపోతుంది? 2024 మార్చి 18న రాకపోకలు ఆపి, ఏ.ఎన్.-32, డోర్నియర్ విమానాలను ఆ రోడ్డుమీద నిజంగానే దించారు. యుద్ధవిమానాలు కిందికి వచ్చి, దిగకుండానే పైకి లేచిపోయాయి. అంతా అయ్యాక దారి వదిలారు. లారీలు మళ్లీ కదిలాయి.